పిడుగు సీను

మార్చి నెల దాటిందంటే నాగేశ్వరి పొద్దున్నే కాఫీ కంటే ముందు వాతావరణం వార్త చదివేది. పేపర్లో మొదటి పేజీ సంగతి ఆమెకు అనవసరం. లోపలి పేజీలో ఓ మూల చిన్న అక్షరాల్లో వేస్తారు. ఉష్ణోగ్రతలు సాధారణం కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ, మధ్యాహ్నం తర్వాత అక్కడక్కడ ఉరుములు మెరుపులతో వానలు, గంటకు నలభై యాభై కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు. అది చదివాక ఫోన్లో వాతావరణ కేంద్రం వాళ్లు పెట్టే జిల్లాల పటం తెరిచి, హైదరాబాద్ మీద పసుపు వేశారా, అంతకంటే ప్రమాదమని నారింజ వేశారా అని చూసుకునేది. ఆ తర్వాతే స్టవ్ వెలిగించడం.

ఆమెకు అరవై ఒక్కేళ్లు. ముప్ఫై ఏళ్లుగా సినిమాల్లో తల్లి, మేనత్త, పక్కింటి పిన్ని. పోస్టర్ మీద ఆమె ముఖం ఎప్పుడూ ఉండదు గాని, ఎర్రగడ్డ రైతుబజార్లో కూరలమ్మేవాళ్లు "అమ్మా, మొన్న టీవీల చచ్చిపోయినవ్ గదా, మస్తు ఏడ్చినం" అని పలకరిస్తారు. భర్త పోయాక వెంగళరావు నగర్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోంది. పిల్లల్లేరు. అన్నయ్య ఆదినారాయణ ఎర్రగడ్డలో కొడుకు దగ్గర ఉంటాడు. ఆదివారాలు వచ్చి భోంచేసి పోతుంటాడు.

ప్రొడక్షన్ మేనేజర్లందరికీ ఆమె షరతు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక ఆరుబయట షాట్ చెయ్యదు. ఎండంటే భయం లేదు. నలభై రెండు డిగ్రీల్లో పట్టుచీర కట్టుకుని జూబ్లీహిల్స్ బంగళాల మెట్ల మీద ఎన్ని జంటలకు హారతి పట్టిందో లెక్కలేదు. ఉరుమంటేనే భయం. ఎక్కడో దూరాన ఆకాశం కదిలినట్టనిపించినా లోపలికి పోయి తలుపులు మూసుకుని కూర్చునేది. చాటుగా నవ్వుకున్నా, ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఎందుకమ్మా అని ఎవరూ అడగనూ లేదు.

అడిగింది ఒక్క సుహాస్.

అది ఏడేళ్ల కిందటి మాట. అప్పుడతను అసిస్టెంట్ డైరెక్టర్. వికారాబాద్ దగ్గర ఓ పల్లెలో షూటింగ్. ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. నాగేశ్వరి స్కూలు గదిలోకి వెళ్లి కిటికీలన్నీ బిగించుకుని మూల బెంచీ మీద కూర్చుంది. సుహాస్ టీ తెచ్చి పక్కన పెట్టి, వెళ్లిపోకుండా తనూ నేలమీద కూర్చున్నాడు. వాన తగ్గాక మెల్లిగా అడిగాడు.

"మీ వాళ్లెవరికైనా ఏమైనా జరిగిందా అమ్మా?"

అతనికి వినడం తెలుసు. మధ్యలో ఆగిపోతే తొందరపెట్టడు. మన మాటను తను పూర్తి చెయ్యడు. అందుకే కాబోలు, ముప్ఫై అయిదేళ్లుగా లోపల దాచుకున్న మాట ఆమె నోటివెంట వచ్చేసింది.

పల్నాడులో వాళ్ల ఊరు. మే నెల. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. నాగేశ్వరికి పంతొమ్మిదేళ్లు, చెల్లెలు జగదాంబకు పదహారు. అమ్మా నాన్నా పొరుగూరు పెళ్లికి వెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి పడమటి దిక్కు నల్లబడింది. కాయ తడిస్తే ఏడాది కష్టం బూడిదే. ఎవరో ఒకరు వెళ్లి పట్టా కప్పాలి. "నువ్వెళ్లవే, నేనిప్పుడే తలంటుకున్నాను" అంది నాగేశ్వరి. చెల్లెలు పరుగెత్తింది. అరుగు మీది నుంచి కల్లం కనపడుతూనే ఉంది. పట్టా అంచులకు రాళ్లు పెడుతూ వంగి ఉన్నప్పుడు పడింది పిడుగు.

"నేను పంపించానని ఎవరికీ తెలీదు బాబూ" అంది ఆమె ఆ రోజు సుహాస్‌తో. "అమ్మకీ చెప్పలేదు, అన్నయ్యకీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. తనే వెళ్లిందన్నాను. నీకొక్కడికే చెప్తున్నాను."

అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఆ ఊసు మళ్లీ రాలేదు.

అప్పటినుంచి సుహాస్ ఆమెకు ఇంటిమనిషి అయ్యాడు. కథ రాసుకున్నప్పుడల్లా వెంగళరావు నగర్ వచ్చి చదివి వినిపించేవాడు. పల్నాడు మాటలు తప్పు రాస్తే ఆమె సరిచేసేది. గోంగూర పచ్చడితో అన్నం పెట్టేది. అతను మొదటి సినిమా తీస్తే అందులో ఆమెకు నాలుగు సీన్ల వేషం ఇచ్చాడు. రెండో సినిమాకి తనే స్వయంగా వచ్చాడు.

"ఇందులో తల్లి వేషమే కథంతా. మీరు చెయ్యనంటే నేను తియ్యను."

తల్లీకూతుళ్ల కథ. చివర్లో కూతురు మాధవి అలిగి, ఇంటి వెనక ఉన్న రాతిగుట్ట ఎక్కి కూర్చుంటుంది. తల్లి కింద నిలబడి ఆమెను వెనక్కి పిలుస్తుంది. కథ విని నాగేశ్వరి కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, అడగాల్సింది అడిగింది.

"ఆ ఆఖరి సీను ఎప్పుడు తీస్తావు?"

"మేలో అమ్మా. కానీ పొద్దున పదకొండింటికల్లా ముగించేస్తాను. వాన సీను కాదు, ఎండ సీను. మాటిస్తున్నాను."

జూబ్లీహిల్స్‌లో గుట్టను తొలిచి కట్టిన పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకున్నారు. వెనకవైపు రాళ్లు అలాగే వదిలేశారు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, రెండంతస్తుల ఎత్తున. లోపలి సీన్లన్నీ సాఫీగా అయిపోయాయి. గుట్ట సీను దగ్గర మాత్రం ఏదో ఒకటి అడ్డుపడుతూ వచ్చింది. సోమవారం ఆమెను పిలిచి సాయంత్రం ఐదింటిదాకా క్యారవాన్‌లో కూర్చోబెట్టి, ఇంటి ఓనరుతో పేచీ వచ్చిందని పంపేశారు. బుధవారం మళ్లీ పిలిచారు. లెన్సు రాలేదన్నారు. ఆ రెండు రోజులూ పటంలో పసుపు రంగే. నగరం మీద చినుకు పడలేదు.

శుక్రవారం పొద్దున చూస్తే నారింజ రంగు. నాగేశ్వరి వెంటనే ఫోన్ చేసింది.

"చూశానమ్మా" అన్నాడు సుహాస్. "మనది పదకొండింటికల్లా అయిపోతుంది. మీరు రండి, ఎలాగైనా ఇవాళ పూర్తిచేద్దాం."

పదకొండయింది. పన్నెండయింది. కూతురు వేషం వేసే అమ్మాయి మేకప్ కాలేదన్నారు. ఒంటిగంటకు భోజనాలన్నారు. బయట ఎండ తెల్లగా మండుతోంది. రాళ్ల మీద అడుగు పెడితే చెప్పుల్లోంచి కాక ఎక్కుతోంది. ఆకు కదలడం లేదు. పద్నాలుగేళ్లుగా నాగేశ్వరికి జడ వేసి ముస్తాబు చేసే కౌసల్య తడిగుడ్డతో ఆమె మెడ తుడుస్తూ కూర్చుంది. రోజూ గలగలా మాట్లాడే మనిషి ఆ రోజు ఎందుకో మాట్లాడలేదు.

మూడున్నరకు అసోసియేట్ డైరెక్టర్ పద్మప్రియ వచ్చి తలుపు తట్టింది. "షాట్ రెడీ అమ్మా."

నాగేశ్వరి క్యారవాన్ దిగి ఆకాశం చూసింది. కళ్లద్దాలు లేకపోతే ఆమెకు దూరం అంతా మసకే. పడమటివైపు ఏదో ముదురు రంగు ఉన్నట్టనిపించింది.

"కౌసల్యా, అద్దాలివ్వవే ఒక్క నిమిషం."

"ముక్కు మీద మచ్చ పడ్తది అమ్మా. షాట్ అయినంక ఇస్త" అంది కౌసల్య, ఆమె వైపు చూడకుండా.

సుహాస్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని నడిపించాడు. "రెండు ఎప్పుడో దాటింది, ఉరుమొస్తుందేమోరా" అంది ఆమె. అతను తన ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు. తెరమీద ఆకుపచ్చా పసుపూ మరకలు కనిపించాయి.

"ఇదిగో, చూడండి. మబ్బంతా సంగారెడ్డి వైపు పోతోంది. ఇటు రాదు. పది నిమిషాల పని."

ఆమె నమ్మింది. పటాన్ని ఆమె రోజూ చదువుతుంది. కానీ ఆ తెరమీది పటాన్ని చదవబోలేదు. అతని మాటే చాలనిపించింది.

రాతిగుట్ట సగం ఎత్తులో చదునుగా ఉన్న బండమీద నిలబెట్టారు. పైకి చూస్తే శిఖరం ఖాళీగా ఉంది. "ఆ అమ్మాయేదీ?" అని అడిగింది. "మీ క్లోజప్పేనమ్మా, ఆమె అక్కర్లేదు" అని కింద నుంచి ఎవరో కేకేశారు. మూడు వైపుల మూడు కెమెరాలు ఉన్నట్టు లీలగా కనిపించింది. ఒక్క క్లోజప్పుకు మూడెందుకో ఆమెకు అర్థం కాలేదు.

మొదట గాలి వచ్చింది. గుట్ట కింద ఎక్కడో రేకులు గడగడలాడాయి. దుమ్ము ఎర్రగా లేచి కళ్లలో పడింది. గాలి చీర కొంగును చేతిలోంచి లాక్కుపోయింది. ఆ వెంటనే వెలుగు తగ్గిపోయింది, ఎవరో దీపం తగ్గించినట్టు. ఆమె కెమెరా వైపు తిరిగి "సుహాస్!" అని పిలిచింది. జవాబు లేదు. పెద్ద పెద్ద చినుకులు కాలిన బండమీద పడి చుయ్యిమన్నాయి. ఆ తడి రాతి వాసన ముక్కుకు తగిలింది. కిందికి దిగుదామని ఒక అడుగు వేసింది. రాయి జారింది. అప్పుడే ఆకాశం తెల్లగా చీలింది. గుట్ట దిగువ పల్లానికి అవతల ఎక్కడో పడింది పిడుగు. ఆ చప్పుడుకు బండ అదిరింది.

ఆ తర్వాత తను ఏం చేసిందో ఆమెకు తెలియదు. మోకాళ్లమీద పడిపోయిందని, రెండు చేతులూ చాచి పైనున్న ఖాళీ శిఖరాన్ని చూస్తూ గొంతు చించుకుని అరిచిందని తర్వాత తెలిసింది.

"జగదాంబా! వెనక్కి రావే! నువ్వొద్దు, నేనెళ్తాను! నేనెళ్తానే!"

కట్ అన్న మాట ఎప్పుడు వినిపించిందో కూడా గుర్తులేదు. ఎవరో ఇద్దరు వచ్చి ఆమెను ఎత్తి కిందికి దించారు. చప్పట్లు వినిపించాయి. మానిటర్ దగ్గర వాళ్లు లేచి నిలబడి కొడుతున్నారు.

కౌసల్య ఇచ్చిన అద్దాలు పెట్టుకుని చుట్టూ చూసింది నాగేశ్వరి. ముప్ఫై ఏళ్లలో ఎన్ని సార్లో చూసింది, అనుకోని వాన వస్తే యూనిట్ ఎలా ఉంటుందో. లైట్లు ఆర్పండిరా, కెమెరా కప్పండిరా అని కేకలు, గొడుగుల కోసం పరుగులు. ఇక్కడ ఎవరూ పరుగెత్తడం లేదు. మూడు కెమెరాలకూ కొలత తీసి కత్తిరించిన ప్లాస్టిక్ తొడుగులున్నాయి. మానిటర్ మీద పందిరి గట్టిగా కట్టి ఉంది. అందరి ఒంటిమీదా రెయిన్‌కోట్లు ఉన్నాయి. కూతురు వేషం వేసే అమ్మాయి కారులో, అద్దాలు ఎత్తుకుని కూర్చుని ఉంది.

ఒంటిమీద తడిచీరతోనే పద్మప్రియ వైపు తిరిగింది. "ఎప్పటినుంచి అనుకున్నారమ్మా ఇది?"

పద్మప్రియకు కళ్లనిండా నీళ్లు. "సారీ అమ్మా. సోమవారం, బుధవారం కూడా దీని కోసమే. స్టార్మ్ రాలేదు కాబట్టి ప్యాకప్ చేశాం. సర్ రోజూ ఫోర్‌కాస్ట్ చూసి ప్లాన్ చేశారు. మీతో ఎవరూ చెప్పొద్దని..."

దారిలో కారులో కౌసల్య తలొంచుకుని కూర్చుంది. యూసుఫ్‌గూడ మలుపు దగ్గర తనే నోరు తెరిచింది. "వానొస్తదని అమ్మకు చెప్పకు, జర భయపడ్తది, షాట్ ఖరాబైతది అన్నరు. నేను గంతే అనుకున్న. పిడుగు పడ్తదని నాకేం ఎరుక అమ్మా?"

"అద్దాలు అడిగాను కదే."

కౌసల్య ఏడ్చింది. నాగేశ్వరి ఆమెను పని మానిపించలేదు. కానీ ఆ రోజు తర్వాత తన జడ తనే వేసుకుంటోంది.

మర్నాడు పొద్దున్నే సుహాస్ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, ఎప్పటిలాగే వంటింటి గట్టు దగ్గర నిలబడ్డాడు.

"కోపంగా ఉన్నారని తెలుసమ్మా. ఒక్కసారి ఆ సీను చూడండి. నా జీవితంలో అలాంటిది చూడలేదు. ఎడిటింగ్ రూములో అందరూ ఏడ్చారు."

"నాకు మాటిచ్చావు."

"చెప్పి ఉంటే చేసేవారా?"

"చేసేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

అంత సూటిగా అంటాడని ఆమె అనుకోలేదు. గొణుగుతాడని, తల దించుకుంటాడని, కాళ్లమీద పడతాడని రాత్రంతా ఊహించుకుంది. అతని ముఖంలో తప్పు చేసినవాడి ఛాయే లేదు. బహుమతి తెచ్చి, విప్పి చూడమంటున్నవాడిలా ఉన్నాడు.

"పిడుగు నామీద పడి ఉంటే?"

"పక్క బిల్డింగు మీద పిడుగులు లాక్కునే కడ్డీ ఉందమ్మా. మా వాళ్లు ముందే చూశారు. రిస్కు లేదు."

"మరి ఆ అమ్మాయిని పైకెందుకు ఎక్కించలేదు?"

అతను గట్టు మీది గ్లాసును అటూ ఇటూ జరిపాడు. నాగేశ్వరి కాఫీ గిన్నె దించి పక్కన పెట్టింది.

"ఆ స్కూలు గదిలో నేను చెప్తుంటే నువ్వు వింటున్నావనుకున్నాను. రాసుకుంటున్నావా?"

"ఆ రోజునుంచీ ఈ సీను నా తలలో ఉంది" అన్నాడు సుహాస్. "అబద్ధం చెప్పను. ఈ కథంతా ఆ సీను కోసమే రాశాను. మీ బాధకి విలువ ఇచ్చాను గాని అవమానించలేదమ్మా. రేపు సినిమా వచ్చాక మీరే నన్ను..."

"వెళ్లు బాబూ" అంది ఆమె.

జులైలో డబ్బింగ్‌కి పిలిచారు. వెళ్లకూడదనుకుంది. ఒప్పుకున్న పని చెయ్యకపోవడం ఆమెకు అలవాటు లేదు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు నిలబడింది. సుహాస్ ఇంకా రాలేదు. సౌండ్ ఇంజనీరు మొదటి సీను వేశాడు. తెరమీద పక్కింటి ఆవిడ వేషం వేసిన నటి లోపలికి వస్తూ అడిగింది.

"మీ జగదాంబ ఏదమ్మా, కనపడదే?"

నాగేశ్వరి హెడ్‌ఫోన్లు తీసేసింది. "జగదాంబేంటి? మాధవి కదా?"

"పేరు మార్చారు మేడమ్. మీకు చెప్పలేదా? అందరూ వచ్చి మళ్లీ చెప్పి వెళ్లారు. మీదొక్కటే మిగిలింది."

ఆమె అక్కడే కుర్చీలో కూర్చుంది. చెల్లెలు పోయాక నలభై రెండేళ్లలో ఆ పేరు తన ఇంట్లో ఎవరూ బయటికి అనలేదు. అమ్మ పోయేముందు కూడా "అది" అందే గాని పేరు పెట్టి అనలేదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఈ గదిలోకి వచ్చి, ఈ మైకు ముందు నిలబడి, ఆ పేరు పెదవులకు అతికేదాకా పదిసార్లు పలికి వెళ్లారు.

సుహాస్ వచ్చాడు. విషయం అతనికి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

"మీరు బండమీద ఆ పేరే అరిచారమ్మా. దానిమీద మాధవి అని వేస్తే పెదవులు కలవవు. కలిపినా ప్రాణం ఉండదు. అందుకని కూతురి పేరే మార్చాను. ఆ అరుపు మాత్రం మీరు మళ్లీ చెప్పక్కర్లేదు. లొకేషన్‌లో రికార్డయిందే వాడుకుంటాం."

"తీసెయ్."

"అమ్మా..."

"సీను ఉంచుకో. నా ఏడుపు ఉంచుకో. ఆ పేరు తీసెయ్. అది మా పిల్ల పేరు."

"సినిమా మొత్తం దానిమీదే నిలబడిందమ్మా" అన్నాడు అతను, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆమె సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది.

నటీనటుల సంఘంలో పెద్దమనిషి శారదాదేవి దగ్గరకు వెళ్లింది. ఒకప్పుడు ఇద్దరూ తోడికోడళ్లుగా ఎన్నో వేషాలు వేశారు. శారదాదేవి అంతా విని నిట్టూర్చింది. "సంతకం పెట్టావు కదే. నీ ముఖం, నీ గొంతు వాళ్లవేనని అందులో రాసుంటుంది. పేరుకి హక్కులేముంటాయి? రేపు నేను అడిగినా ఇదే అంటారు." కాసేపు ఆగి, ముందుకు వంగి అంది. "కానీ ఏం చేశావే ఆ సీన్లో! నాకు చూపించారు. ఒళ్లు జలదరించింది."

నాగేశ్వరి లేచింది. ఈవిడా చూసేసింది.

ఆమె డబ్బింగ్‌కి వెళ్లలేదు. వాళ్లు వేరే ఆవిడ చేత వేషం మొత్తానికీ గొంతు చెప్పించారు. ఆ ఒక్క అరుపు మాత్రం నాగేశ్వరిది ఉంచారు.

విడుదలకు రెండు వారాల ముందు సుహాస్ ఒక ఛానెల్లో మాట్లాడాడు. పక్కింటి పిల్ల ఫోన్లో చూపించింది. "ఆ సీను వెనక ఆ నటి జీవితంలో జరిగిన నిజం ఉంది. ఆవిడ నాకొక్కడికే చెప్పిన రహస్యం అది. సినిమా చూస్తే మీకే అర్థమవుతుంది" అంటున్నాడు నవ్వుతూ. కింద రెండు లక్షల మంది చూసినట్టు ఉంది.

నాగేశ్వరికి అన్నయ్య గుర్తొచ్చాడు. నువ్వొద్దు, నేనెళ్తానే అన్న మాట వింటే, ఆదినారాయణకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తెర మీద వినడం కంటే తన నోట వినడం నయం. మర్నాడు ఆటో ఎక్కి ఎర్రగడ్డ వెళ్లింది.

ఆదినారాయణ వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెల్లెల్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఆదివారం కాదు, ఆమె ఇటు రావడం తక్కువ. కోడలు మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లింది.

"అన్నయ్యా, జగదాంబ తనంతట తను కల్లంలోకి వెళ్లలేదు. నేను పంపాను. తలంటుకున్నానని, తడుస్తానని, నేను పంపాను."

అతను పేపరు మడిచాడు. మళ్లీ మడిచాడు. ఆమే అంది. "ఏదో ఒకటి అను అన్నయ్యా."

"ఆ రోజు కల్లం కాపలా నాది" అన్నాడు ఆదినారాయణ. "నాన్న నాకప్పగించి పెళ్లికెళ్లాడు. నేను నరసరావుపేటలో మ్యాట్నీకి పోయాను. నీకు గుర్తుందా?"

ఆమెకు గుర్తుంది. ఎప్పుడూ గుర్తుంది.

"నువ్వు కల్లంలో ఉంటే నా బిడ్డ బతికేదిరా అంది అమ్మ. ఆ రోజు అంది, చచ్చేదాకా అంది. నాన్న చెట్టుకు కట్టేసి కొట్టాడు. నేను ఊరొదిలి ఇక్కడికెందుకొచ్చాననుకున్నావు? ఉద్యోగానికా?" అతని గొంతు పెరగలేదు. "అమ్మ నన్ను అంటుంటే నువ్వు పక్కనే ఉన్నావు గదే. అన్నం వడ్డిస్తూ ఉన్నావు."

"భయమేసింది అన్నయ్యా. పంతొమ్మిదేళ్లు నాకు."

"తర్వాత ఇరవై వచ్చాయి గదా. ముప్ఫై వచ్చాయి. అమ్మ మంచాన పడ్డప్పుడు నీకు యాభై."

లోపల కుక్కర్ కూత వేసింది.

"ఛానెల్లో విన్నాను. ఎవరో సినిమావాడికి చెప్పావు" అన్నాడు. "నాకు చెప్పలేదు."

సుహాస్ ఆమెకు ఏం చేశాడో చెప్పాలనుకుని వచ్చింది. గుట్ట గురించి, కళ్లద్దాల గురించి, చప్పట్ల గురించి చెప్పి అన్నయ్య ఒళ్లో తల పెట్టుకుని ఏడవాలనుకుంది. ఒక్కమాటా పైకి రాలేదు. ఆదినారాయణ లేచి లోపలికి వెళ్లాడు. కాసేపు చూసి ఆమె తనే గేటు తీసుకుని బయటికి నడిచింది.

సెప్టెంబరులో సినిమా విడుదలయింది. బాగా ఆడింది. నాగేశ్వరికి ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చాయి. సన్మానాలన్నారు, ఇంటర్వ్యూలన్నారు. ఆమె దేనికీ వెళ్లలేదు. సుహాస్ పూలగుత్తి పంపితే కౌసల్యను తీసుకుపొమ్మంది. అతను తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.

ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఆదినారాయణ రాలేదు.

విడుదలైన నాలుగో వారం, ఒక మధ్యాహ్నం అన్నయ్య నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల ట్రాఫిక్ మోత. హాల్లోంచి ఇప్పుడే బయటికి వచ్చి నిలబడ్డట్టున్నాడు.

"చూశాను" అన్నాడు.

నాగేశ్వరి గోడకు ఆనుకుని నిలబడింది.

"మొదట్నుంచీ నీ గొంతు కాదేంటే అది? ఎవరిదో పెట్టారు. ఆ ఒక్క చోటే నువ్వు." అతను ఆగాడు. దగ్గాడు. "నేనెళ్తానే అన్నావు. ఆ రోజు అరుగు మీది నుంచి అట్లాగే అరిచావా?"

అవునంటే సరిపోతుంది. ఎవరు వచ్చి కాదంటారు? చూసినవాళ్లెవరూ లేరు.

"లేదన్నయ్యా" అంది. "ఆ రోజు నేనేం అరవలేదు. తల తుడుచుకుంటూ నిలబడ్డాను."

అవతల చాలాసేపు హారన్లు వినిపించాయి. ఫోన్ పెట్టేశాడేమోనని చెవి నుంచి తీసి తెర వైపు చూసింది. పెట్టెయ్యలేదు. సెకన్లు కదులుతూనే ఉన్నాయి.

"సరే" అన్నాడు ఆదినారాయణ చివరికి. "ఆటో వచ్చింది" అని పెట్టేశాడు.